పందొమ్మిదేళ్లని రాసిన పిల్లలు

నేను రిటైరైన రోజుకి న్యాయంగా నాకు ఇంకా పది నెలల ఉద్యోగం మిగిలే ఉంది. సర్వీసు రిజిస్టరు ప్రకారం నా వయసు అయిపోయింది, మా అమ్మ లెక్క ప్రకారం ఇంకా కాలేదు. మా నాయన ఐరాల వైపు ఒక పల్లెలో హెడ్మాస్టరు. బడిలో పిల్లలు తక్కువయ్యారని నాలుగేళ్లు దాటగానే నన్ను తీసుకెళ్లి ఒకటో తరగతిలో కూర్చోబెట్టి, ఐదు నిండినట్టు తన చేత్తోనే రాశాడు. ముప్పై ఏళ్లు ఆ సంగతి అందరికీ నవ్వుతూ చెప్పుకు తిరిగాను. అంత బాగా తెలిసి ఉండి కూడా ఒక పిల్లవాడు పెద్దల జైల్లో పద్నాలుగు నెలలు ఉండటానికి కారణమయ్యాను.

నేను చేసింది ప్రొబేషన్ అధికారి ఉద్యోగం. చిత్తూరులో కొన్నేళ్లు, తిరుపతిలో చాలా ఏళ్లు. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు కొందరు, అనుభవాలు రాయండి మేడమ్ అని అడుగుతున్నారు. ఎప్పుడు ఏ సీట్లో ఉన్నాను, ఎవరు శాలువా కప్పారు అన్నవి రాయను. అవి మీకు పనికిరావు, నాకూ పనికిరాలేదు. మీ చేతికిచ్చే ఫారంలో పేరు పక్కన వయసు అని ఒక చిన్న గడి ఉంటుంది. దాని గురించి రాస్తాను. కోపంగా రాస్తున్నానని మీకు అనిపిస్తే సరిగానే చదువుతున్నట్టు.

ఉద్యోగం అంటే ఇదీ

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడిని ఏదైనా నేరం కింద పట్టుకుంటే మామూలు కోర్టుకి తీసుకుపోకూడదు. బాల న్యాయ మండలి ముందు పెట్టాలి. మేమంతా దాన్ని బోర్డు అంటాం. లాకప్పులో వేయకూడదు, బేడీలు వేయకూడదు, జైలుకి పంపకూడదు. ఆ పిల్లవాడు ఎవరు, ఇల్లెక్కడ, ఏం తిన్నాడు, ఎవరితో తిరిగాడు, ఎందుకు ఈ పనిలోకి దిగాడు అన్నది విచారించి బోర్డుకి నివేదిక రాసేది ప్రొబేషన్ అధికారి. చదివితే ఎంత బాగుందో చూడండి. మన దగ్గర చట్టాలు చదవడానికి ఎప్పుడూ బాగానే ఉంటాయి.

నా మొదటి పై అధికారి బక్కగా, ఎప్పుడూ దగ్గుతూ ఉండే మనిషి. ఆఫీసులో కూర్చుని రాసిన నివేదిక ఏదో ఆయన చూపుకే తెలిసిపోయేది. "వాళ్లింట్లో యాడ కూర్చున్నావమ్మా?" అని అడిగేవాడు. చాప మీదనో, గడప మీదనో చెప్పాలి. చెప్పలేకపోతే కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "బస్సుండాది, పోయి కూర్చోని రా" అనేవాడు. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న మంచి అంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

ఆయన తర్వాత వచ్చినాయన నన్ను ఒక్కసారి కూడా అలా అడగలేదు. "పెండింగ్ ఎన్ని?" అనేవాడు, అంతే. నెలాఖరుకి పెండింగ్ తగ్గితే నవ్వేవాడు. చెడ్డవాడు కాదు. కానీ చెప్తున్నాను, మీ జీవితంలో మిమ్మల్ని పాడుచేసేది చెడ్డ అధికారి కాదు, ఇలా నెలాఖరుకి నవ్వే అధికారి. ఆ నవ్వు కోసం మనం ఏమేం వదిలేస్తామో మనకే తెలియదు.

స్టేషన్లో పుట్టినరోజు

శేషాచలం కొండల్లో ఎర్రచందనం నరకడానికి కూలీలను తెచ్చేవాళ్లు మేస్త్రీలు. ఆ కూలీలకు అన్నం క్యాన్లు, నీళ్ల డబ్బాలు మోయడానికి కుర్రాళ్లను పెట్టుకునేవాళ్లు. దాడి జరిగితే గొడ్డలి పట్టుకున్నవాడు దారి తెలిసినవాడు కాబట్టి పారిపోతాడు. అన్నం క్యాను మోసేవాడు దొరికిపోతాడు.

అలా దొరికిన కుర్రాళ్ల కాగితాలు చూస్తుంటే కొన్నేళ్లకి నాకొకటి కనిపించింది. అందరికీ పందొమ్మిదేళ్లే. మీసం మొలిచినవాడికీ పందొమ్మిదే, గొంతు ఇంకా మారనివాడికీ పందొమ్మిదే. ఏ స్టేషనో చెప్పను, అక్కడ కాగితాలు రాసే పెద్దాయన ఒకడు ఉండేవాడు. రిటైర్మెంట్ దగ్గర పడ్డ మనిషి. నేనంటే కొంచెం అభిమానం. ఒకరోజు నేరుగానే అడిగాను.

"సూడండి మేడమ్," అన్నాడు పెన్ను మూత పెడుతూ. "పద్దెనిమిదని రాస్తే నిండినాయా లేదా అని జడ్జి అడుగుతాడు. ఇరవై అని రాస్తే వాడి మొగం ఒప్పుకోదు. పందొమ్మిదేస్తే ఎవురూ ఏమీ అడగరు."

"నిజంగా ఎన్నేళ్లో వాణ్ణే అడగొచ్చు కదా?"

"అడిగి పదారని తెలిసిందనుకోండి. అప్పుడు వాణ్ణి లాకప్పులో పెట్టకూడదు, యూనిఫారంలో పక్కన నిలబడకూడదు, మీ బోర్డుకి కబురు పెట్టాల, వాళ్లమ్మకి కబురు పెట్టాల. ఉండేది ఐదు మందిమి. ఇంక మేం దొంగల్ని యాడ పట్టుకునేది?"

అబద్ధం చెప్పలేదు. సిగ్గుపడనూ లేదు. పిల్లవాడి వయసు ఆ స్టేషన్లో పనిచేసే మనుషుల సంఖ్యను బట్టి నిర్ణయమయ్యేది. నేను ఆ సంగతి పై అధికారికి రాశాను. "మన పని కాదులేమ్మా, పెండింగ్ చూడు" అన్నాడు. నేను పెండింగ్ చూశాను.

మునిశేఖర్

మునిశేఖర్‌ది వడమాలపేట దగ్గర పల్లె. తండ్రి లేడు. తల్లి కన్నెమ్మ మామిడికాయల మండీలో కాయలు ఏరే పనికి పోయేది. ఎవరో మేస్త్రీ మూడు రోజుల పని అని చెప్పి పిల్లవాడిని కొండెక్కించాడు. అన్నం క్యానుతో దొరికాడు. పందొమ్మిదేళ్లని రాశారు. మామూలు కోర్టుకి తెచ్చారు, జైలుకి పంపారు.

కన్నెమ్మ ఊరుకునే మనిషి కాదు. కోర్టులో వకీలు నోరు తెరవకముందే అరిచిందట, నా కొడుకు చిన్నబిడ్డ సామీ అని. జడ్జి గారు మంచివాడు కాబట్టి వయసు తేల్చమని బోర్డుకి పంపాడు. బోర్డు నాకు పంపింది. పిల్లవాడు మన వైపు రావాలా, పెద్దల జైల్లోనే ఉండాలా అన్నది నా నివేదిక మీద ఆధారపడింది.

వయసు తేల్చడానికి చట్టం వరస చెప్పింది. మొదట బడి కాగితం. అది లేకపోతే పంచాయతీ ఇచ్చే పుట్టిన సర్టిఫికెట్. అదీ లేకపోతే ఎముకల పరీక్ష. మునిశేఖర్ ఇంట్లో పుట్టాడు, పంచాయతీలో ఎవరూ రాయించలేదు. బడికి వెళ్లాను. రిజిస్టరులో పుట్టిన తేదీ ఉంది. లెక్కవేస్తే దొరికిన రోజుకి పద్దెనిమిదేళ్లా ఒక నెల. ఒక్క నెల ఎక్కువ.

కన్నెమ్మ బడి గేటు దగ్గర నిలబడి ఉంది. చెప్పాను.

"అదంతా కాదు మేడమ్. వాడికి పదిహేడు కూడా నిండలేదు," అంది. "అంగన్వాడీ రాజమ్మ ఉండాది సూడండి, ఆయమ్మ వాడు పుట్టిన మర్నాడే ఇంటికొచ్చి తక్కెడలో తూకమేసి పుస్తకంలో రాసుకున్నాది. ఆ పుస్తకం సూడండి. ఈడే, రెండు వీధులవతల."

"నోటుబుక్కులు కోర్టులో చెల్లవమ్మా," అన్నాను. "చట్టం బడి కాగితమే ముందు చూడమంటుంది."

"చట్టానికేం తెలుసు మేడమ్, వాణ్ణి కన్నది నేను కదా?"

రెండు వీధులవతల. నడిస్తే ఐదు నిమిషాలు. నెలాఖరు. నా సంచిలో అలాంటివే ఇంకో ఏడు కేసులున్నాయి. నేను బస్సెక్కాను. కన్నెమ్మ ఇంట్లో నేను ఎక్కడా కూర్చోలేదు. పద్దెనిమిది నిండినట్టు రాసి సంతకం పెట్టాను. పెండింగ్ ఒకటి తగ్గింది. మునిశేఖర్‌ను పెద్దల జైల్లోనే ఉంచారు.

టీ తాగుతూ నవ్విన రోజు

పదకొండు నెలల తర్వాత నా పెన్షన్ కాగితాలు తయారు చేసే పని మొదలైంది. ఆఫీసులో గుమస్తా నా సర్వీసు రిజిస్టరు తీసి, "మేడమ్, మీరు చూడటానికి ఇంకా చిన్నగా ఉండారే, ఎట్లా రిటైరవుతారు?" అన్నాడు. నేను ఎప్పుడూ చెప్పే కథ చెప్పాను. మా నాయన పెన్ను, నాలుగేళ్ల నేను, అమ్మ లెక్క. "మా తరంలో బడి వయసు నిజమైనవాడు ఒక్కడుంటే చూపించు" అన్నాను. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. చేతిలో టీ ఉంది.

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. బడి వయసు నిజమైనవాడు ఒక్కడుంటే చూపించు. ఆ మాట అన్న మనిషే బడి వయసు చూసి ఒక పిల్లవాడిని జైల్లో ఉంచింది. టీ గ్లాసు అక్కడే పెట్టేసి బయటికి వచ్చాను. ఆ మధ్యాహ్నమే వడమాలపేట బస్సెక్కాను.

అంగన్వాడీ రాజమ్మ అప్పటికి పని మానేసి ఇంట్లో ఉంది. రేకు పెట్టెలోంచి పాత పుస్తకాలు తీసింది. అట్టలు చెదలు తిన్నాయి కానీ లోపల బాగానే ఉన్నాయి. కన్నెమ్మ మగబిడ్డ, తేదీ, బరువు. పక్క పేజీలో నెలనెలా తూకాలు. ఐదేళ్ల పాటు ఒక్క నెల తప్పలేదు. బడి రిజిస్టరుకీ దీనికీ పదిహేను నెలలు తేడా. దొరికిన రోజుకి ఆ పిల్లవాడికి పదహారేళ్లా పది నెలలు.

"ఈ పుస్తకం ఎవరైనా అడిగినారా అమ్మా?" అన్నాను.

"ఎవురూ అడగలేదు మేడమ్," అంది రాజమ్మ. "కన్నెమ్మ వచ్చి ఏడుస్తా ఉంటే నేనే తెచ్చిస్తానన్నాను. మేడమ్ చెల్లదని చెప్పిందే అనింది."

ఆ ఇంట్లో మాత్రం గచ్చు మీద కూర్చున్నాను. ఆలస్యంగా.

సుబ్రమణ్యం సార్

నా నివేదిక తప్పు అని నేనే కోర్టుకి రాసుకున్నాను. కొత్తవాళ్లకి చెబుతున్నాను, ఇది గొప్ప అని అనుకోకండి. పదకొండు నెలలు ఆలస్యంగా చేసిన పనికి గొప్పేముంది. మా అధికారి నెత్తి పట్టుకున్నాడు. "రిటైరయ్యే ముందు ఈ తలనొప్పి నీకెందుకమ్మా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తలనొప్పి నాది కాదు సార్, జైల్లో ఉన్న పిల్లోడిది అన్నాను. ఆయన మళ్లీ నాతో సరిగా మాట్లాడలేదు.

జడ్జి గారు నా కాగితం చదివి, అంగన్వాడీ పుస్తకం చట్టం చెప్పిన వరసలోనే లేదమ్మా, నేనేం చేసేది అన్నారు. ఒక్కటే దారి ఉంది. బడి రిజిస్టరులో ఆ తేదీ రాసిన మనిషే వచ్చి, ఏ ఆధారమూ లేకుండా ఊహించి రాశానని ఒప్పుకోవాలి.

ఆ మనిషి సుబ్రమణ్యం సార్. రిటైరై తిరుపతిలో కొడుకు దగ్గర ఉన్నాడు. తెల్లచొక్కా, నుదుట నామం, చేతిలో వార్తాపత్రిక. ఎవరని అడిగితే మా నాయన పేరు చెప్పాను, వెంటనే లేచి నిలబడ్డాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా నాయన కిందే పనిచేశాడట. కాఫీ తెప్పించాడు. విషయం చెప్పేసరికి మొహం మారిపోయింది.

"నేను అబద్ధం రాసినానని కోర్టులో చెప్పాలా?"

"అబద్ధమని కాదు సార్. ఊహించి రాశానని."

"అమ్మా సుగుణా, ఆ పిల్లోణ్ణి నాలుగేళ్లకి బళ్లో వేసుకోకపోతే ఏమయ్యేవాడు? మేకల ఎనకాల పోయేవాడు. నేను అట్లా ఎంతమందిని కూర్చోబెట్టినానో తెలుసునా? పిల్లోళ్లు చాలకపోతే టీచర్ని ఎత్తేస్తారు, టీచర్ని ఎత్తేస్తే ఆ ఊర్లో బడి లేదు." నా మొహంలోకి చూశాడు. "ఇది నాకెవురు నేర్పినారనుకుంటావు? మీ నాయనే."

తల కొట్టేసినట్టయింది. ఆ దయ తిని పెరిగినదాన్నే నేను. ముందే బడికి పోయాను, ముందే పాసయ్యాను, ముందే ఉద్యోగం వచ్చింది. మా నాయన ఒక గడిలో మంచి చేస్తున్నాననే అనుకున్నాడు. ఆ గడిని పట్టుకుని రేపు ఒక చట్టం వస్తుందని, దాంతో పిల్లలను జైలుకి పంపుతారని ఆయనకేం తెలుసు? తెలిసిన మేమేం చేశామన్నది అసలు ప్రశ్న. ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలుసు బడి వయసు ఊహ అని. టీచర్లకు తెలుసు, పోలీసులకు తెలుసు, వకీళ్లకు తెలుసు, మా ఇంట్లో అయితే భోజనాల దగ్గర నవ్వుకునే ముచ్చట. అయినా కోర్టుకి వచ్చేసరికి అందరమూ దాన్ని నిజమని ఒప్పుకుంటాం. ఇంతకంటే సిగ్గుమాలిన సంగతి ఈ ఉద్యోగంలో నేను చూడలేదు.

సుబ్రమణ్యం సార్ రెండుసార్లు రానన్నాడు. మూడోసారి నేను కన్నెమ్మను తీసుకెళ్లాను. ఆమె ఏమీ అడగలేదు, తిట్టలేదు. గుమ్మం బయట చెప్పులు విడిచి, "సార్, మీరు మావాడికి అక్షరాలు నేర్పినారు. జైల్లోంచి కాగితం రాసినాడు. సదవండి," అని ఇచ్చింది. ఆయన చదివాడు. అందులో ఏముందో నాకు చెప్పలేదు. మరుసటి వాయిదాకి చొక్కా ఇస్త్రీ చేసుకుని కోర్టుకి వచ్చి, ఆ తేదీ నేనే వేసినాను, ఏ కాగితమూ చూడలేదు అని చెప్పాడు. వాళ్ల కొడుకు అప్పటి నుంచి నాతో మాట్లాడడు.

ఇదంతా అయ్యేసరికి ఇంకో మూడు నెలలు. పద్నాలుగు నెలలకి మునిశేఖర్ బయటికి వచ్చాడు. జైల్లో ఏం జరిగిందో నాకు చెప్పలేదు. అడిగే మొహం నాకు లేదు. కన్నెమ్మ ఒక్కటే చెప్పింది: "తలుపేస్తే లేచి కూర్చుంటాడు మేడమ్. వాకిట్లోనే పండుకుంటాడు, వానొచ్చినా."

దర్శనం లేఖల వరసలో

రిటైరైన తర్వాత నేను ఎనిమిదేళ్లుగా చేస్తున్న పని ఒక్కటే. చట్టం ఢిల్లీలో చేసింది. కానీ మన శాసనసభ మన రాష్ట్రం వరకు దానికి సవరణ చేసుకోవచ్చు. పైనుంచి ఆమోదం రావాలి, అంతే. ఇద్దరు వకీళ్ల సాయంతో రెండు పేరాల సవరణ రాశాను. పోలీసులు వయసు రాస్తే ఏ కాగితం చూసి రాశారో పక్కనే రాయాలి. కాగితం లేకపోతే, ఇరవై ఒక్క ఏళ్ల లోపు వాడిలా కనిపించే ఎవరినైనా ముందు బోర్డు దగ్గరికే తేవాలి. ఇది మొదటిది. బడి రిజిస్టరుకీ, పుట్టినప్పుడు రాసిన పుస్తకానికీ తేడా వస్తే పుట్టినప్పుడు రాసినదాన్నే నమ్మాలి. ఇది రెండోది. ఇందులో ఎవరికీ నష్టం లేదు. నేరం చేసినవాడిని వదిలేయమని లేదు. పిల్లవాడిని పిల్లవాడని గుర్తించండి అని ఉంది.

ఇప్పుడు ఆధార్ కార్డులున్నాయి కదమ్మా, ఇంకా ఇదెందుకు అని అడుగుతారు చదువుకున్నవాళ్లు. ఆధార్ తీసినప్పుడు మన పల్లెల్లో ఏం చూపించారు? ఆ బడి కాగితమే. తప్పుని ప్లాస్టిక్ అట్టలో పెట్టి ఇస్తే ఒప్పయిపోదు.

కాగితం పట్టుకుని ఒక ఎమ్మెల్యే గారింటికి వెళ్లాను. తిరుపతి చుట్టుపక్కల ఎమ్మెల్యే ఇల్లంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. పొద్దున్నే హాలు నిండా జనం, కొండ మీద దర్శనానికి సిఫారసు లేఖ కోసం. నేనూ వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి పీఏ తలెత్తకుండానే, "ఎంతమంది మేడమ్? ఆధార్ జిరాక్సులు ఈడ పెట్టండి" అన్నాడు.

"దర్శనానికి కాదు నాయనా, చట్టానికి," అన్నాను.

అప్పుడు తలెత్తాడు. "అది ఈ వరస కాదే," అన్నాడు. ఏ వరసో అతనికీ తెలియదు. మూడు వారాలు ఆ దర్శనం వరసలోనే నిలబడ్డాను, వేరే వరస లేదు కాబట్టి.

ఎమ్మెల్యే గారు కాగితం చదివాడు. నిజంగానే చదివాడు, ఆ మాట ఒప్పుకోవాలి. "న్యాయంగానే ఉండాదమ్మా," అన్నాడు. "కానీ ఎర్రచందనం కేసులో దొరికినోళ్ల కోసం నేను సభలో లేచి మాట్లాడితే రేపు నన్నేమంటారు? దొంగల పక్షం అంటారు."

"వాళ్లు మోసింది అన్నం క్యాన్లు సార్."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. టీవీలో అన్నం క్యాను కనబడదు, దుంగలే కనబడతాయి."

రెండేళ్లు తిప్పించుకున్నాడు. చివరికి ఆ సవరణను సభలో పెట్టాడు. ఎందుకు పెట్టాడో నేను అనుకోవడం ఇదీ. వాళ్ల తోటలో పనిచేసే మనిషి కొడుకు ఒకడు ఇలాగే దొరికాడు. పందొమ్మిదేళ్లని రాశారు. ఆ పిల్లవాడు తమ ఇంట్లో పుట్టిన రోజు ఎమ్మెల్యే గారి భార్యకు గుర్తుంది. మన దగ్గర న్యాయం ఇలా ఇంటి దారిన వస్తుంది, రాకపోతే లేదు.

వీలైనంత వరకు

సవరణ ముసాయిదా శాఖకి వెళ్లి తిరిగి వచ్చేసరికి రెండు పేరాల్లోనూ కొత్తగా ఒక మాట చేరింది. వీలైనంత వరకు. వీలైనంత వరకు బోర్డు ముందుకి తేవాలి. వీలైనంత వరకు పుట్టినప్పటి పుస్తకం చూడాలి. వీలు ఎవరిది? ఐదుగురితో నడిచే స్టేషన్‌ది. వీలైనంత వరకే చేశారు కదా ఇన్నాళ్లూ, అందుకే కదా ఈ కర్మ. చదివి కాగితం బల్ల మీద విసిరేశాను.

సభ కమిటీ ఒకటి తిరుపతికి వచ్చి అందరి మాటా వింటామంది. మునిశేఖర్ చెబితే బాగుంటుందని వకీళ్లన్నారు. అప్పటికి అతను ఊళ్లో ఉండలేదు. మునిశేఖర్ పేరు పోయి 'జైలు మునిగాడు' అని పిలుస్తుంటే ఎవరుంటారు? పులికాట్ ఒడ్డున భార్య ఊరికి పోయి రొయ్యలు వేసుకెళ్లే వ్యాను నడుపుతున్నాడు. వెళ్లి అడిగాను. వల ఎండేసిన చోట నిలబడి, నా వైపు చూడకుండా చెప్పాడు. "నేను రాను మేడమ్. నా వయసెంతో ఎంతమందికని చెప్పేది? అప్పుడు చెప్పినాను, ఎవురూ ఇనలేదు. మీరూ ఇనలేదు."

కాబట్టి నేనే వెళ్లాను. శాఖ తరఫున వచ్చిన లా ఆఫీసరు చిన్నవాడు, చురుకైనవాడు. "ఒక హెడ్మాస్టరు సంతకం పెట్టిన ప్రభుత్వ రిజిస్టరు కంటే అంగన్వాడీ ఆయమ్మ రాసుకున్న పుస్తకం గొప్పదా?" అని అడిగాడు. గదిలో కొందరు నవ్వారు.

నేను సంచిలోంచి రెండు కాగితాలు తీశాను. ఒకటి నా సర్వీసు రిజిస్టరు నకలు, బడిలో మా నాయన వేసిన తేదీతో. రెండోది మా నాయన సొంత డైరీలో నేను పుట్టిన రోజు రాసుకున్న పేజీ. రెండూ ఒకే మనిషి చేతిరాత నుంచి వచ్చినవే. తేడా పది నెలలు.

"ఈ హెడ్మాస్టరు మా నాయన," అన్నాను. "రిజిస్టరులో ప్రభుత్వానికి ఒకటి రాశాడు. ఇంట్లో దేవుడి ముందు ఇంకొకటి రాసుకున్నాడు. ఏది నమ్ముతారో మీరే చెప్పండి. నేను ఈ సంగతి తెలిసి కూడా రిజిస్టరునే నమ్మి ఒక పిల్లవాడిని పెద్దల జైల్లో ఉంచాను. ఈ తప్పు చేసింది నేను. ఇంకెవరూ చేయకుండా చేయండి."

లా ఆఫీసరు గొంతు తగ్గించి, "మేడమ్, మీ సర్వీసు రిజిస్టరే తప్పని మీరే ఒప్పుకుంటున్నారు, పెన్షన్ విషయంలో ఇబ్బంది వస్తుంది చూసుకోండి," అన్నాడు. బెదిరింపో సలహానో తెలియలేదు. "రానీయండి. అందులో కూడా వీలైనంత వరకు అని రాసుకోండి," అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కమిటీ నోట్ చేసుకుంది. టీ ఇచ్చారు. తర్వాత ఎన్నికలు వచ్చాయి, సభ మారింది, కాగితం మళ్లీ మొదటికి వచ్చింది. ఇప్పుడు పరిశీలనలో ఉంది. పరిశీలనలో ఉండగా కూడా పిల్లలు దొరుకుతూనే ఉన్నారు. వాళ్లకి పందొమ్మిదేళ్లని రాస్తూనే ఉన్నారు. నేను మళ్లీ దర్శనం వరసలో నిలబడుతున్నాను. కొత్త పీఏ నాకు కుర్చీ వేస్తాడు, అదొక్కటే మారింది.

కొత్తగా ఉద్యోగంలోకి వచ్చినవాళ్లకి నేను చెప్పగలిగింది తక్కువ. చట్టం మారేదాకా ఆగకండి. బడి రిజిస్టరు చూసిన తర్వాత రెండు వీధులవతలికి నడవండి. తల్లి ఏం చెబుతుందో అక్కడే కూర్చుని వినండి. చెల్లదు అనే మాట మీ నోట రానీయకండి, అది చెప్పడానికి వేరేవాళ్లు చాలామంది ఉన్నారు.

పోయిన జూన్‌లో మునిశేఖర్ నుంచి ఫోన్ వచ్చింది. తనంతట తాను నాకు చేయడం అదే మొదలు. కూతుర్ని బళ్లో వేయడానికి తీసుకుపోయాడట. ఐదు నిండటానికి ఇంకా నాలుగు నెలలుంది. అక్కడి టీచరమ్మ మంచిదే, పిల్ల ముద్దుగా ఉందని ఒళ్లో కూర్చోబెట్టుకుందట. నాలుగు నెలలకేముంది, నిండినట్టు రాసేసుకుంటాను, సర్టిఫికెట్ తర్వాత చూద్దాం అందట.

"వద్దన్నాను మేడమ్. అయితే వచ్చే ఏడు తీసుకురమ్మనింది. తెస్తానని చెప్పి ఎత్తుకొచ్చేసినాను."

వెనక నుంచి పిల్ల ఏడుపు వినిపిస్తోంది. కొత్త సంచి కావాలి, బడికి పోవాలి అని. గొంతు పోయేలా ఏడుస్తోంది. పాపం, సముదాయించరాదా మునీ అన్నాను.

"ఏడ్సనీ మేడమ్," అన్నాడు. "అది ఈ ఒక్కరోజే కదా ఏడ్చేది. నేను పద్నాలుగు నెలలు ఏడ్చినాను."